డయాలసిస్‌లో ఉన్నవాళ్లు పీచు ఎలా పెంచుకోవాలి: ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టి పళ్లెం దాకా

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. హన్మకొండలోనైనా, జగిత్యాలలోనైనా, మంచిర్యాలలోనైనా డయాలసిస్ లెక్క ఇదే. ఇంత చేయించుకుంటున్నా కొందరికి ఆకలి పుట్టదు. రక్తం పెరగడానికి ఎరిత్రోపొయెటిన్ సూది వేస్తున్నా హిమోగ్లోబిన్ కదలదు. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ నెలనెలా తగ్గుతుంది, మనిషి ఎండిపోతుంటాడు. వెతికితే ఇన్‌ఫెక్షన్ ఏదీ దొరకదు, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలో అంకె మాత్రం ఎక్కువే ఉంటుంది.

ఆ సీఆర్‌పీ చెబుతున్నది ఇన్‌ఫ్లమేషన్ గురించి. కాళ్లకు వచ్చే వాపు వేరు, అది ఒంట్లో నిలిచిన నీరు. ఇది రోగనిరోధక వ్యవస్థ లోలోపల నెలల తరబడి రగులుతూ ఉండడం. డయాలసిస్ రోగుల్లో గుండెజబ్బుకు, కండ కరిగిపోవడానికి, సూది వేసినా రక్తం పెరగకపోవడానికి దీని వాటా పెద్దది. ఇది వచ్చే దారులు చాలా ఉన్నాయి. మనం చేయి పెట్టగలిగిన రెండింటి గురించి రాస్తున్నాను: రక్తం పారే ఫిల్టర్, తిండి అరిగే పేగు. ఫిల్టర్ కేంద్రం చేతిలో ఉంటుంది, పేగు సంగతి మీ వంటింటి చేతిలో ఉంది.

ఇది మెషిన్ మీద హిమోడయాలసిస్ చేయించుకునేవాళ్ల కోసం. పొటాషియం 6 దాటి ఉన్నవాళ్లు, ఈమధ్యే పేగు ఆపరేషన్ అయినవాళ్లు, తిన్నది కడుపులోంచి కదలక వాంతులయ్యే షుగర్ రోగులు ముందు డాక్టర్‌తో ఆ సంగతి తేల్చుకుని తర్వాతే మొదలుపెట్టాలి.

మొదట ఫిల్టర్ గురించి అడగండి

మనం ఫిల్టర్ అనేదే డయలైజర్. ఆ ప్లాస్టిక్ గొట్టంలో వెంట్రుకల్లాంటి సన్నని బోలు దారాలు వేల సంఖ్యలో ఉంటాయి. దారాల లోపల రక్తం, బయట డయాలసిస్ ద్రవం. దారం గోడే పొర. నాలుగు గంటలూ మీ రక్తం తగిలేది ఆ గోడకే.

తొలి తరం పొరలు సెల్యులోజ్‌వి. కుప్రోఫాన్ అనే పొరను పత్తి గింజ మీద మిగిలే పొట్టి నూగుతో తయారుచేసేవారు. ఎనుమాముల మార్కెట్‌కు బండ్ల కొద్దీ వచ్చే పత్తి గింజ మీద ఉండేది ఆ నూగే. రక్తం తగలగానే సెల్యులోజ్ పొర మీది రసాయన గుంపులు కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థను రేపేవి. డయాలసిస్ మొదలైన పావుగంట, అరగంటలోనే తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా తగ్గి, తర్వాత మళ్లీ పెరిగేవి. అంటే వారానికి మూడుసార్లు ఒంట్లో అనవసరంగా నిప్పు రాజేసినట్టే. అందుకే పాలీసల్ఫోన్, పాలీఈథర్‌సల్ఫోన్ వంటి కృత్రిమ పొరలు వచ్చాయి. రక్తాన్ని ఇవి చాలా తక్కువగా రెచ్చగొడతాయి. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడేవి ఇవే. రక్తంలో అంత గొడవ చేసిన ఆ సెల్యులోజ్ మొక్కల పీచులో ఒక రకం. పేగులోకి చేరితే మాత్రం అది మేలే చేస్తుంది.

టెక్నీషియన్‌ను ఇలా అడగండి: "అన్నా, ఇది హై ఫ్లక్సా, లో ఫ్లక్సా? పొర దేనిది?" లేబుల్ మీద రాసే ఉంటుంది. లో ఫ్లక్స్ పొర రంధ్రాలు చిన్నవి, యూరియా, పొటాషియం, క్రియాటినిన్ బాగానే పోతాయి. హై ఫ్లక్స్‌లో రంధ్రాలు పెద్దవి కాబట్టి బీటా-2 మైక్రోగ్లోబులిన్ లాంటి మధ్యస్థ పరిమాణపు పదార్థాలు కూడా పోతాయి. అల్బుమిన్ డెసిలీటరుకు 4 గ్రాములు, అంతకంటే తక్కువ ఉన్న రోగుల్లో హై ఫ్లక్స్ వల్ల ప్రాణానికి మేలు జరిగిందని 2009లో వచ్చిన యూరప్ అధ్యయనం చూపించింది. మీ అల్బుమిన్ తక్కువగా ఉంటే డాక్టర్ ముందు ఈ మాట ఎత్తడం మీ హక్కు.

ఫిల్టర్ ఒకసారికేనా, కడిగి మళ్లీ వాడతారా అనేది రెండో ప్రశ్న. తెలంగాణ ప్రభుత్వ కేంద్రాల్లో ఒకసారి వాడి పడేసే పద్ధతి వచ్చింది. ప్రైవేటులో చాలాచోట్ల మళ్లీ వాడతారు. సరిగా చేస్తే అందులో తప్పు లేదు. కానీ మీ పేరు ఫిల్టర్ మీద రాసి ఉండాలి, దారాల లోపలి పరిమాణం మొదటి దానిలో 80 శాతం కంటే తగ్గితే ఆ ఫిల్టర్ తీసేయాలి, కడిగిన మందు మిగిలి లేదని ప్రతిసారీ పరీక్షించాలి. ఈ మూడూ చూడమని అడిగినందుకు ఎవరైనా విసుక్కున్నా ఫర్వాలేదు, అడగండి.

మూడోది నీళ్లు. నిమిషానికి అరలీటరు లెక్కన నాలుగు గంటల్లో 120 లీటర్ల ద్రవం ఆ పొర పక్కనుంచి పారుతుంది. ఆ నీళ్లను శుద్ధిచేసే ఆర్‌వో ప్లాంట్ శుభ్రంగా లేకపోతే బ్యాక్టీరియా ముక్కలు పొర దాటి రక్తంలోకి వస్తాయి. ఎప్పుడూ లేనిది మెషిన్ ఎక్కగానే చలి, వణుకు వస్తున్నాయంటే అప్పటికప్పుడు చెప్పాలి. ఆ గదిలో అదేరోజు మరొకరికి కూడా వణుకు వచ్చిందంటే అనుమానం నీళ్ల మీదే. మెడలో లైన్, అంటే డయాలసిస్ కోసం వేసిన గొట్టం, ఉన్నవాళ్లకు వణుకు వస్తే లైన్ ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు. "దుప్పటి కప్పుకుంటే పోతది" అని ఊరుకోకూడదు.

ఎంత మంచి ఫిల్టరైనా చేయలేని పని

ఈ భాగం అర్థమైతే పీచు ఎందుకు తినాలో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

మనం తిన్న ప్రోటీన్‌లో కొంత అరగకుండా పెద్దపేగు దాకా వెళుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని తిని ఇండోల్, పి-క్రెసాల్ అనే పదార్థాలు చేస్తుంది. అవి రక్తంలోకి పోయి ఇండాక్సిల్ సల్ఫేట్, పి-క్రెసిల్ సల్ఫేట్‌గా మారతాయి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ వీటిని మూత్రంలోకి తోసేస్తుంది. కిడ్నీ పనిచేయనప్పుడు ఇవి పేరుకుపోయి రక్తనాళాల గోడలను దెబ్బతీస్తాయి, ఇన్‌ఫ్లమేషన్‌ను ఎగదోస్తాయి.

చూడబోతే ఇవి చిన్న అణువులే, పొర రంధ్రంలోంచి సులువుగా పోవాలి. కానీ 90 శాతానికి పైగా అల్బుమిన్‌ను పట్టుకుని వేలాడుతుంటాయి. అల్బుమిన్ పోకూడదనే పొరను తయారుచేశారు కాబట్టి దానితోపాటు ఇవీ ఒంట్లోనే ఉండిపోతాయి. ఒక డయాలసిస్‌లో యూరియా మూడింట రెండు వంతులు పోతుంటే ఇండాక్సిల్ సల్ఫేట్ ఇంచుమించు మూడో వంతే పోతుంది. అదీ ఇంటికెళ్లిన తర్వాత మళ్లీ పెరుగుతుంది.

బయటికి తీయలేనిదాన్ని పుట్టకుండా చేయడమే మిగిలిన దారి. పేగులోని బ్యాక్టీరియాకు పీచు దొరికితే ప్రోటీన్ జోలికి తక్కువ పోతుంది. పీచును పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలు చేస్తుంది, వాటితో పేగు గోడ గట్టిపడుతుంది. గోడ బలంగా ఉంటే బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారవు. అమెరికాలో వేలమంది తిండి లెక్కలు చూసి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకు 10 గ్రాముల పీచు ఎక్కువ తినే కిడ్నీ రోగుల్లో సీఆర్‌పీ ఎక్కువగా ఉండే అవకాశం 38 శాతం తక్కువ కనిపించింది. కిడ్నీలు బాగున్నవాళ్లలో ఆ తేడా 11 శాతమే. డయాలసిస్ రోగులకు ఆరు వారాలు అరగని పిండిపదార్థం ఇచ్చిన ఒక చిన్న ట్రయల్‌లో రక్తంలో విడిగా తిరిగే ఇండాక్సిల్ సల్ఫేట్ తగ్గింది. ఇవి మందుకు సాటివచ్చే రుజువులని అనను. కానీ ఖర్చు లేని పని, మలబద్ధకం ఎలాగూ తగ్గుతుంది, ప్రయత్నించకపోవడానికి కారణం కనిపించదు.

మరి డయాలసిస్ రోగులు పీచు ఎందుకు తినరు? మనమే ఆపేస్తాం కాబట్టి. పొటాషియం భయంతో పండ్లు వద్దు, కూరగాయలు వద్దు, పప్పు వద్దు, రొట్టె వద్దు అని కొట్టేస్తూ పోతే చివరికి పళ్లెంలో మిగిలేది తెల్లన్నం, నీళ్ల చారు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. ప్రాణం కాపాడాలని చేసే పథ్యమే పేగును ఎండబెడుతోంది.

రిపోర్టులు ముందర పెట్టుకోండి

మొదలుపెట్టే రోజున ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి: డయాలసిస్‌కు ముందు తీసిన పొటాషియం, ఫాస్ఫరస్, అల్బుమిన్, హిమోగ్లోబిన్, సీఆర్‌పీ. సీఆర్‌పీ పక్కన యూనిట్ కూడా రాయండి. ఒక ల్యాబ్ లీటరుకు మిల్లీగ్రాముల్లో, ఇంకోటి డెసిలీటరుకు ఇస్తుంది, తేడా పదింతలు. పొటాషియం 5.5 లోపు ఉంటే కింద చెప్పినట్టు మొదలుపెట్టొచ్చు. 5.5కు 6కు మధ్య ఉంటే ముందు కింద చెప్పిన పొటాషియం దొంగదారులు మూసి, మళ్లీ పరీక్ష చేయించాకే తిండి పెంచండి.

ఒక పూట అన్నం మార్చండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో 10 గ్రాములు, ఎండు మక్కల్లో 12, సజ్జల్లో 11. మూడుపూటలా అన్నమే తినేవారు రోజుకు 300 గ్రాముల బియ్యం తిన్నా అందులోంచి వచ్చే పీచు 9 గ్రాములు దాటదు. మనకు కావలసింది 25 దరిదాపుల్లో.

జొన్నలో పొటాషియం బియ్యం కంటే మూడింతలు ఉంటుంది, అందుకే మూడుపూటలూ రొట్టె తినమని అనను. ఒక పూట, రెండు రొట్టెలు, ఒక్కో దానికి 50 గ్రాముల పిండి. 10 గ్రాముల పీచు వచ్చేసినట్టే. పిండి జల్లెడ పట్టొద్దు, పట్టి పారేసేది మీకు కావలసినదే. పళ్లు లేని పెద్దవాళ్లకు రొట్టె నమలడం కష్టం, వాళ్లకు జొన్న గట్క గానీ మక్క గట్క గానీ గట్టిగా వండిపెట్టండి. గట్క అన్నప్పుడు గట్కే, అంబలి కాదు. అంబలి మంచిదే, కానీ గిన్నెడు అంబలి అంటే గిన్నెడు నీళ్లు. పొటాషియం హద్దులో ఊగిసలాడేవాళ్లు సామలు, అరికెలు చూడండి. వాటిలో పీచు జొన్నంత ఉండదు గానీ బియ్యం కంటే బాగా ఎక్కువ, పొటాషియం దాదాపు బియ్యమంతే. కొనేటప్పుడు తెల్లగా పాలిష్ పట్టినవి వద్దనండి. రాగుల్లో పొటాషియం జొన్నల కంటే ఎక్కువ, అది అప్పుడప్పుడే.

ఫాస్ఫరస్ మాటేమిటని అడుగుతారు. జొన్నలో, పప్పులో ఫాస్ఫరస్ ఉన్నా ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, మనిషి పేగు దాన్ని పూర్తిగా పీల్చుకోలేదు. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. రొట్టె మానేసి నల్ల కూల్‌డ్రింకు తాగడం కంటే పెద్ద పొరపాటు లేదు. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర రాసి ఉంటే అన్నం మధ్యలో వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే అది పట్టుకోవడానికి కడుపులో ఏమీ మిగలదు.

రాత్రి వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండి అరగని రకంగా మారి పీచులాగే పనిచేస్తుంది. సద్దన్నం తినే అలవాటు ఉంటే మానొద్దు. ఎండాకాలంలో బయట వదలకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, డయాలసిస్ రోగికి కడుపు ఇన్‌ఫెక్షన్ తట్టుకోవడం కష్టం. సల్ల నిండా పోసుకోకుండా రెండు గరిటెల గట్టి పెరుగు చాలు.

కూరగాయలు ఉడికించండి, నీళ్లు పారబోయండి

బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దొండకాయ, కాకరకాయ, క్యాబేజీ, గోకరకాయ, బెండకాయ. రోజుకు రెండు రకాలు, ఒక్కోటి వండకముందు 100 గ్రాములు. ఇందులో గోకరకాయ, బెండకాయ పీచుకు మేటి, 4 నుంచి 5 గ్రాములు ఇస్తాయి.

ముక్కలు చిన్నగా తరిగి, ముక్కలకు నాలుగైదింతలు నీళ్లు పోసి ఉడికించి ఆ నీళ్లు వంపేయండి. తర్వాత తాలింపు. నానబెట్టడం కంటే ఉడికించి వంపడం వల్లే పొటాషియం ఎక్కువ పోతుంది. బెండకాయ ఉడికిస్తే జిగురవుతుంది కాబట్టి దాన్ని వారానికి ఒకటి రెండుసార్లు వేపుడుగానే చేసుకోండి. ఆ రుచి కూడా మనిషికి కావాలి. ఆలుగడ్డ, కందగడ్డ తినాలనిపిస్తే రెండుసార్లు నీళ్లు మార్చి ఉడికించాలి. ఉడికించిన నీళ్లను పప్పుచారులో పోసే అలవాటు మన ఇళ్లల్లో ఉంది, ఈ ఇంట్లో అది పనికిరాదు.

పప్పు రోజుకు 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు. కందిపప్పైనా పెసరపప్పైనా దాదాపు 3 గ్రాముల పీచు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు బరువు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి కాబట్టి పప్పు పూర్తిగా మానడం రెండువిధాలా నష్టం. గుడ్డు తెల్లసొన, చేప అలాగే కొనసాగించండి.

పండు రోజుకు ఒకటే. చిన్న యాపిల్ గానీ, రెండు ముక్కల అనాస గానీ. పొటాషియం 5 లోపు ఉన్నవాళ్లు సగం చిన్న జామపండు తినొచ్చు, పీచులో దానికి సాటి లేదు. దసరా ముందర సీతాఫలాలు గంపలకెత్తి వస్తాయి, ఆశగానే ఉంటుంది, పొటాషియం ఎక్కువ కాబట్టి నోట్లో ఒక గింజ చప్పరించే వరకే. స్టార్ ఫ్రూట్ మాత్రం ఒక్క ముక్క కూడా వద్దు, అది కిడ్నీ రోగుల మెదడు మీద పనిచేసి ఫిట్స్ తెస్తుంది.

పొటాషియం దొంగదారులు మూసేయండి

కూరగాయలకు చోటు కావాలంటే పొటాషియం ఇంకోచోట తగ్గాలి. మన వంటలో అది దాగేది ముఖ్యంగా చింతపండులో. పచ్చి పులుసు ఇక్కడి ప్రాణం, నాకు తెలుసు. కానీ అది చింతపండూ నీళ్లూ కలిసిన గిన్నె, డయాలసిస్ మనిషికి రెండువైపులా దెబ్బ. రెండు చెంచాలు అన్నం మీద చల్లుకోండి, పోసుకోవద్దు. కూరలో పులుపుకు కొద్దిగా నిమ్మరసం పిండుకోండి. ప్రతి కూరలో టమాట వేయడం ఆపండి. కొబ్బరినీళ్లు వద్దే వద్దు. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో ఉండేది పొటాషియం క్లోరైడ్, దాన్ని ఇంట్లోంచే తీసేయండి. మేడారం నుంచి ఎవరైనా బంగారం తెస్తే ప్రసాదంగా చిటికెడు నోట్లో వేసుకోండి, బెల్లంలో పొటాషియం చాలా ఎక్కువ.

మలబద్ధకం కూడా దొంగదారే. కిడ్నీ పనిచేయనప్పుడు పెద్దపేగు తన వంతుగా ఎక్కువ పొటాషియాన్ని మలంలోకి పంపుతుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. పీచు సరిగా పెరిగినవాళ్లలో పొటాషియం అనుకున్నంత పెరగకపోవడానికి ఇదొక కారణం.

నెమ్మదిగా పెంచండి, నీళ్ల లెక్క తప్పకుండా

మొదటి వారం ఒక్క రొట్టె. రెండో వారం రెండో రొట్టె. మూడో వారం కూరలు. నాలుగో వారం పండు. ఒకేసారి అన్నీ మొదలుపెడితే కడుపుబ్బరం వచ్చి నాలుగో రోజుకే మానేస్తారు. పేగులోని బ్యాక్టీరియా కొత్త తిండికి అలవాటు పడడానికి సమయం పడుతుంది, మొదట్లో గ్యాస్ రావడం మామూలే.

ఇసబ్‌గోల్ అడగనివాళ్లు లేరు. పొటాషియం పరంగా ఇబ్బంది లేదు, కానీ అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. నీళ్లు చాలకపోతే గొంతులోనో పేగులోనో గడ్డకట్టి అడ్డుపడుతుంది. రోజుకు వచ్చే మూత్రానికి అరలీటరు కలిపితే వచ్చేదే మీ నీళ్ల వాటా అని డాక్టర్ చెప్పి ఉంటే, ఇసబ్‌గోల్‌కు కావలసిన ఒక గ్లాసు ఆ వాటాలోంచే పోవాలి. అందుకే మూత్రం అసలు రానివాళ్లకు నేను ముందు రొట్టె, గోకరకాయే చెబుతాను. వేసుకునేవాళ్లు చిన్న చెంచాతో మొదలుపెట్టి, మిగతా మాత్రలకూ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి.

మొదటి నెల పొటాషియం రెండువారాలకోసారి చూపించుకోండి. కాళ్లలో బలం పోయినట్టు, గుండె తడబడినట్టు, ఒళ్లు తిమ్మిరెక్కినట్టు అనిపిస్తే తర్వాతి డయాలసిస్ రోజు దాకా ఆగొద్దు. రాత్రయినా సరే ఈసీజీ, డయాలసిస్ రెండూ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. వరంగల్ చుట్టుపక్కలవాళ్లకు ఎంజీఎం ఉంది.

మూడు నెలల తర్వాత

అవే అంకెలు, అదే ల్యాబ్‌లో. సీఆర్‌పీ తగ్గి, అల్బుమిన్ కొద్దిగానైనా పైకి కదిలితే దారి సరైనదే. తగ్గకపోతే పీచును తిట్టుకోవద్దు, నిప్పు ఇంకోచోట ఉంది. మెడలో లైన్ నెలలుగా ఉంటే, దాని బదులు చేతి రక్తనాళాలను కలిపి చేసే ఫిస్టులా గురించి ఒత్తిడి చేయండి. సాయంత్రం పూట సన్నని జ్వరం, దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించండి. ఎప్పుడో ఫెయిలైన మార్పిడి కిడ్నీ లోపలే ఉంటే అదీ డాక్టర్‌కు గుర్తుచేయండి. ఒంట్లో నీరు ఎక్కువై పేగు గోడ ఉబ్బినా ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది, డ్రై వెయిట్, అంటే అదనపు నీరు పోయాక ఉండాల్సిన బరువు, మళ్లీ చూడమనండి. అందరూ మరిచిపోయేది నోరు: చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంటే సీఆర్‌పీ దిగదు. పళ్ల డాక్టర్ దగ్గరికి డయాలసిస్ లేని రోజునే వెళ్లండి, డయాలసిస్ రోజున రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్ వల్ల పన్ను తీస్తే రక్తం ఓ పట్టాన ఆగదు.